పాత లెక్క – కొత్త తీగ

మాఘమాసమున చెరువుగట్టు గుట్టపై జడల రామలింగేశ్వరస్వామి జాతర సాగు దినములలో, నార్కట్‌పల్లి దారిని నడచివచ్చు భక్తునకు గుడి కంటబడుటకు ఎంతో ముందుగనే గుట్టమీది పాట చెవినబడెడిది. ధ్వని వచ్చిన దిక్కునకు తలయెత్తి చూచినచో, వేపకొమ్మకు తాడుతో బిగించిన హారను, ఆ చెట్టు మొదట గొంగడి పఱచుకొని కూర్చున్న మైకుసెట్టువాడు, వాని ముంగిట ఒక బరువైన ఇనుపపెట్టె, ఆ పెట్టె జల్లెడ సందులలో సగము రాజుకొనిన నిప్పుకణికలవలె ఎఱ్ఱగా తోచు గాజుబుడ్లు – నల్లగొండ, పాలమూరు మెట్టసీమల ప్రజలలో రెండు మూడు తరములవారు ఎఱిగిన ధ్వనిశాస్త్రమంతయు ఇదియే. సూర్యాపేట చెంత దురాజుపల్లి పెద్దగట్టు మీదను, కురుమూర్తి కొండమీదను, మన్యంకొండ మెట్లకడను, పెండ్లిపందిళ్లయందును, టూరింగు టాకీసు డేరా బయట ఘంటసాల గారి భక్తిగీతము మ్రోగి ఇక ఆట మొదలగునని ఊరివారిని తొందరపెట్టిన సాయంకాలములందును పాడినవి ఆ గాజుబుడ్లే.

వానికే వాల్వులని పేరు. ట్రాన్సిస్టరు వచ్చి వానిని అటకకు ఎక్కించినది. నేడు అట్టి పెట్టెను అటకనుండి దించి దుమ్ము దులుపు మనుమలు కొందఱును, అర్ధశతాబ్దికి పూర్వము అచ్చైన పటములను ముందిడుకొని క్రొత్త రేకుపై క్రొత్తగా వాల్వు యాంప్లిఫైరు కట్టుకొను ఔత్సాహికులు కొందఱును బయలుదేఱినారు. ఉభయుల ప్రశ్నయు ఒక్కటే: నాటి రూపకల్పనలో నేటి అంగడి సరకు కూర్చినచో ఆ యంత్రము నాటివలె పాడునా, నాటికంటె మెఱుగుగా పాడునా, లేక రెంటికి చెడిన రేవడియగునా? పాతదంతయు బంగారమనువారికిని, పాతదంతయు చింతకాయ పచ్చడియనువారికిని దీనికి జవాబు ఒక్కమాటలో దొరకును. కాని పెట్టె మూత విప్పి చూచినవానికి ఒక్కమాట చాలదు. లోపలనున్న ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క తీర్పు చెప్పవలసివచ్చును.

ఈ విద్య హైదరాబాదు రాజ్యమున అడుగిడిన కథ కొంత చెప్పుకొనవలెను. 1935 ఫిబ్రవరి 3 నాడు దక్కన్ రేడియో ప్రసారమారంభించినప్పుడు దాని ప్రసారశక్తి 200 వాట్లు మాత్రమే. నేటి పెండ్లి ఊరేగింపులోని డీజే బండికి అది ఒక మూలకు చాలదు. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రము భారత ప్రభుత్వము చేతికి వచ్చెను. స్టూడియోలోని మైకు మొదలు శ్రోత యింటి బల్లమీది పెట్టె వఱకు, దారిపొడవున పాటను భుజమునుండి భుజమునకు మార్చుకొనుచు మోసినవి వాల్వులే. ఏలయన, ట్రాన్సిస్టరు అనునది 1947 డిసెంబరు వఱకు పుట్టనేలేదు; పుట్టిన పిదపను మన పల్లెలకు చేరుటకు దానికి చాల ఏండ్లు పట్టినది. 1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డి గారు జవహర్‌లాల్ నెహ్రూ కంటెను హెచ్చు ఓట్లు పొంది లోక్‌సభకు వెళ్ళిరి. ఆ ఎన్నికల సభలలో ఎచ్చట మైకు మ్రోగినను ఆ మ్రోత వెనుక వాల్వు ఉండి తీరవలసినదే. కరెంటు తీగ చేరని పల్లెకు కారు బ్యాటరీని ఎడ్లబండిమీద వేసికొనిపోయి పాట వినిపించిన కాలమది. 1954లో బెంగళూరున స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో వాల్వుల తయారీకి పూనుకొనెను. బెల్ ముద్రగల బుడ్లు నేటికిని పాత పెట్టెలలో చెక్కుచెదరక కనబడుచున్నవి.

తూము – నీరటికాడు

వాల్వు చేయు పని తెలియుటకు మన ఊరి చెరువును తలచుకొనిన చాలును. చెరువునిండ నీరున్నది, తూముకడ నీరటికాడు నిలిచియున్నాడు. వాడు తూముబిరడాను ఒక బెత్తెడు ఎత్తిన కాలువ పొంగును, దించిన సన్నగిలును. కాలువకు బలమిచ్చినది నీరటికాని బాహువు కాదు, చెరువు. వాని చేయి కదలిన తీరును నీరు అనుకరించినది, అంతే. వాల్వునందు వేడెక్కిన కేథోడు ఎలక్ట్రానులను వెలువరించును. ఎదుట 250 మొదలు 450 వోల్టుల వఱకు ఒత్తిడితో నిలిచిన ప్లేటు వానిని తనవైపునకు లాగుచుండును. నడుమనున్న సన్నని తీగల గ్రిడ్డు నీరటికాడు. పాటనుండి పుట్టిన అత్యల్ప విద్యుత్తు గ్రిడ్డును కదలించును, ప్లేటువైపు పాఱు ప్రవాహము ఆ కదలికను పెద్దది చేసి చూపును. 1904లో ఫ్లెమింగు కేథోడు, ప్లేటు మాత్రమే గల బుడ్డిని నిర్మించెను; 1906లో లీ డి ఫారెస్టు నడుమ ఈ నీరటికానిని నిలిపెను. శబ్దమును పెంచు యంత్రములన్నియు ఆ మూడవ తీగనుండి పుట్టినవే.

నీరటికాడెంత నేర్పరియైనను బిరడా కొంచెము పట్టి పట్టి కదలును, వాల్వును అంతే. పాట పెరుగుటతోపాటు వక్రించును కూడ. ఈ దోషమునకు మందు 1927 ఆగస్టు 2 నాడు దొరికినది. హెరాల్డ్ బ్లాక్ అను అమెరికా ఇంజనీరు హడ్సను నదిని పడవలో దాటుచు, చేతిలోని వార్తాపత్రిక పుటపైననే ఒక సూత్రము గీసికొనెను: వెలువడిన ధ్వనిలో కొంతభాగమును తలక్రిందులు చేసి మరల మొదటికి పంపినచో, యంత్రము తాను చేసిన తప్పును తానే దిద్దుకొనును. దీనికి ఫీడ్‌బ్యాక్ అని పేరు. హారను ధ్వని మరల మైకులో పడి కీచుమనునప్పుడు మన మైకుసెట్టువారు తిట్టుకొను ఫీడ్‌బ్యాక్‌కు ఇది తోబుట్టువే, కాని గుణమున విరోధి: అది తప్పును పెంచును, ఇది తుడుచును.

ఈ సూత్రమును ఇంటి సంగీతమునకు అత్యంత శ్రద్ధతో అన్వయించినవాడు డి.టి.ఎన్. విలియమ్‌సన్ అను బ్రిటిషు యువకుడు. 1947 ఏప్రిల్, మే మాసములలో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో అతడు ప్రకటించిన యాంప్లిఫైరు, చివర రెండు కె.టి.66 వాల్వులతో 15 వాట్ల శక్తినిచ్చుచు, వక్రతను నూటికి 0.1 వంతునకు లోపల నిలిపెను. అటుపిమ్మట 1950ల నడుమ మల్లార్డు కంపెనీ ఐదు వాల్వులతో పది వాట్లనిచ్చు ‘ఫైవ్-టెన్’ అను పటమును ప్రచురించెను. అందు మొదట ఇ.ఎఫ్.86, నడుమ ఇ.సి.సి.83, తుదను జంటగా ఇ.ఎల్.84లు, వీనికి కరెంటు సరిచేసియిచ్చు వాల్వు మఱియొకటి. ఈ పటములు అచ్చైన నాటినుండి ఓము సూత్రము మాఱలేదు, ఎలక్ట్రాను బరువు మాఱలేదు. రూపకల్పన యనగా కాగితముమీది లెక్క, లెక్క ముసలిదికాదు. ముసలివగునవి ఆ లెక్కను మోయుచున్న కాగితపు కండెన్సర్లు, బొగ్గు రెసిస్టెన్సులు, ఎండిపోవు రసాయనములు. ఈ భేదము మఱవకున్నచో మిగిలినదంతయు సుగమము.

బల్లమీది పెట్టె

ఇ.ఎల్.34 వాల్వుల జంటతో 1960లలో కట్టిన ఒక పెట్టెను బల్లపై పెట్టి, మూత విప్పి చూచుచున్నామనుకొందము. తొట్టతొలుత నిందితులుగా నిలుచునవి కండెన్సర్లు. మైనములో తడిపిన కాగితముతో చుట్టిన నాటి కండెన్సరు, ముందు వాల్వునుండి వెనుక వాల్వునకు పాటను మాత్రమే పోనిచ్చి, ముందు వాల్వు ప్లేటుమీది వందల వోల్టులను అడ్డగింపవలెను. ముసలితనమున దానికి ఆ శక్తి తగ్గును. కోటి భాగములు చేసిన ఆంపియరులో నూఱు భాగములు, అనగా 10 మైక్రోఆంపియర్లు మాత్రమే కారినదనుకొనుడు. వెనుకనున్న 4,70,000 ఓముల రెసిస్టెన్సుమీద అది 4.7 వోల్టులగును. ఋణవిద్యుత్తుతో తూమును అదుపులో నుంచవలసిన గ్రిడ్డు ఆ మేరకు పట్టు సడలించును, ప్లేటు కుంకుమవర్ణమునకు తిరుగును, వాల్వు కొలది దినములలో నశించును. నేటి పాలీప్రొపిలీను కండెన్సరులో ఈ కారుట దాదాపు శూన్యము. వెల కొలది రూపాయలు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగినవెంటనే దొరకు సరకు. ఇచ్చట పాతదానిపై భక్తి పనికిరాదు. కొత్తది పాతదానికి సర్వవిధముల మేలు.

బొగ్గుపొడిని అచ్చుపోసి చేసిన పాత రెసిస్టెన్సుల విషయమును ఇంతే. వేడికిని చెమ్మకును అవి తమ విలువను మెల్లగా పెంచుకొనుచు, పటములో వ్రాసిన లక్ష ఓములు ఏండ్లు గడచునప్పటికి లక్షా ముప్పదివేలైనను ఆశ్చర్యము లేదు. పైగా తొలి వాల్వుకడ ఇవి చేయు సన్నని బుసబుస, పాట ఆగిన సందులలో స్పష్టముగ వినబడును. లోహపు పూతగల నేటి రెసిస్టెన్సు నూటికి ఒకటి వంతుకన్న తప్పక నిలుచును, నిశ్శబ్దముగ నుండును. విలియమ్‌సన్ నాడు శ్రమపడి ఏఱి కూర్చుకొనవలసిన జంటలు మనకు నేడు పొట్లములోనే సరిసమానముగ లభించుచున్నవి. అనగా నాటి లెక్కను నాటివారికంటె నేటివారే ఎక్కువ నిక్కచ్చిగా అమలుపఱచగలరు.

కరెంటును నిలువజేయు ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ల కథ మన ప్రాంతమునకు ప్రత్యేకమైనది. వీనిలోపలి ద్రవము ఆఱిపోవుటయే వీని చావు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినకొలది ఆయుర్దాయము సగమగునని స్థూలముగ చెప్పుదురు. నల్లగొండలో వేసవి 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున, ఒక్కొక్కటి 9 వాట్లకు మించి కేథోడును వేడిచేయు హీటరుకే తాగు ఇ.ఎల్.34లు రెండు ప్రక్కన మండుచుండగా, ఇనుపపెట్టె కడుపులో ఎంత సెగ యుండునో చెప్పనక్కఱలేదు. చల్లని ఇంగ్లండులో ఇరువదియేండ్లు నిలిచిన కండెన్సరు ఇచ్చట అంతకాలము నిలువదు. నేడు 105 డిగ్రీలకు ఓర్చుకొను రకము దొరకుచున్నది. 85 డిగ్రీల రకముతో పోల్చిన పై లెక్కచొప్పున దాని ఆయువు నాలుగు రెట్లు. కావున మెట్టసీమవాడు కొనునప్పుడు మైక్రోఫారడ్లకంటె ముందు డిగ్రీలు చూడవలెను.

ఇంతవఱకు కొత్తదే గెలిచినది. ఇకమీద జాగ్రత్త. నాడు 32 మైక్రోఫారడ్ల కండెన్సరు పెద్దది, ఖరీదైనది. నేడు 220 మైక్రోఫారడ్లది బొటనవ్రేలంత. “చౌకయే గదా, గుయ్యిమను హం తగ్గును గదా” అని పెద్దది వేయువారు, కరెంటు సరిచేసియిచ్చు రెక్టిఫయరు వాల్వును మఱచుచున్నారు. జి.జెడ్.34 అను రెక్టిఫయరు ముందు ఉండదగిన తొలి కండెన్సరు 60 మైక్రోఫారడ్లకు మించరాదని తయారుచేసినవారే హద్దు గీసిరి. అంతకు పెద్ద తొట్టిని ముందిడినచో, అది ప్రతి అలకును ఒక్క గ్రుక్కలో త్రాగజూచును. ఆ గ్రుక్కకు తట్టుకొనలేక రెక్టిఫయరు లోపల మెఱుపులు మెఱసి చచ్చును.

“అట్లయిన రెక్టిఫయరు వాల్వునే తీసివేసి రెండు రూపాయల సిలికాను డయోడు పెట్టుదము” అనువారికి మూడు సమాధానములు. మొదటిది, కొన్ని రెక్టిఫయరు వాల్వులు తమలో 40, 50 వోల్టులను మింగుకొనును; నాటి పటకర్త ఆ మ్రింగుడును లెక్కలో వేసికొనియే తుది వోల్టును నిర్ణయించెను. డయోడు ఒక్క వోల్టుకంటె మింగదు. మిగిలినదంతయు కండెన్సర్ల నెత్తిని, వాల్వుల నెత్తిని పడును. రెండవది, వాల్వులు వేడెక్కుటకు ముందే డయోడు నిండు వోల్టును తెచ్చి నిలుపును. త్రాగువాడు లేని కల్లుకుండవలె అది పొంగును. మూడవది సూక్ష్మము: 350-0-350 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరులో డయోడు ఎదుర్కొనవలసిన ఎదురు వోల్టు, 350ని 1.414తో గుణించి రెట్టించిన 990 వోల్టులు. అందఱును వాడు 1ఎన్4007 డయోడు హద్దు 1000. పొలము మోటార్లు ఒక్కుమ్మడి ఆగి లైను వోల్టు ఎగసిన క్షణమున ఆ పది వోల్టుల ఎడము ఏమాత్రము? అందుచేత ప్రక్కకు రెండేసి డయోడులను వరుసగా వేయుట, హెచ్చిన వోల్టును తగిన రెసిస్టెన్సుతో తగ్గించుట తెలిసినవారు చేయు పని. కొత్త భాగము చెడ్డది కాదు. అది పాత లెక్కలోని ఒక అంకెను మార్చివేయుచున్నది, కనుక తక్కిన అంకెలను దిద్దవలెను.

లైను వోల్టు సంగతి మన జిల్లాలవారికి వేఱుగ చెప్పవలెనా! ఒకనాడు వంతుల కరెంటు వచ్చిన రాత్రి ఊరి బావులమీది మోటార్లన్నియు ఒక్కసారి ఎత్తుకొనగా దీపములు కందిబేడలంత ఎఱ్ఱబడెడివి. 220 వోల్టులకు కట్టిన ట్రాన్స్‌ఫార్మరుకు 170 మాత్రమే అందినచో, 6.3 వోల్టులు కోరు హీటరుకు 4.9కి లోపుగనే చేరును. వాల్వు చలిపట్టిన గొంతుతో పాడును. 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల సరఫరా వచ్చిన పిమ్మట మోటార్లు ఒక్కగడియకే ఎగబడు అగత్యము తగ్గినది. కాని ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గఱి ఇండ్లలో 245 వోల్టులు కనబడుటయు కలదు. అప్పుడు అదే హీటరుకు 7 వోల్టులు ముట్టును; నూటికి పది హెచ్చుతగ్గుల హద్దును దాటి వాల్వు ఆయువును కాల్చును. కావున పాత పెట్టెకు కొనవలసిన మొదటి కొత్త వస్తువు బంగారుపూత సాకెట్టు కాదు. ఒక స్టెబిలైజరు, మూడు పిన్నుల ఎర్తు, సరియైన ఫ్యూజు. స్విచ్చి కట్టినను కండెన్సర్లలో 400 వోల్టులు దాగియుండును; వానిని రెసిస్టెన్సుద్వారా కాల్చివేయక చేయి పెట్టువాడు సాహసి కాడు, అజాగ్రత్తపరుడు.

వాల్వులు నేడు దొరకునా యను సందేహమునకు జవాబు రష్యాలోని సరతోవ్, స్లొవేకియా, చైనా దేశముల కర్మాగారములలో కలదు: ఇ.ఎల్.34, ఇ.ఎల్.84, ఇ.సి.సి.83 నేటికిని క్రొత్తగా తయారగుచున్నవి. తూర్పుదేశములు ఈ విద్యను విడువకుండుటకు సైనికావసరము ఒక కారణము: 1976 సెప్టెంబరు 6న సోవియట్ విమానచోదకుడొకడు మిగ్-25 యుద్ధవిమానముతో జపానులో దిగినప్పుడు, విప్పి చూచినవారికి దానిలోపల వాల్వులు కనబడి విస్మయము కలిగినది. నేటి వాల్వులు పనికివచ్చునవే. అయితే ఒకదానికొకటి సరిపోలని జంట వచ్చుట కలదు. అందువలన ప్లేటు ప్రవాహమును మీటరుతో కొలిచి, ఇ.ఎల్.34కు విధించిన 25 వాట్ల హద్దునకు బాగుగా లోపల నిలుపుట తప్పనిసరి.

ఇనుము, తీగ

ఇక మిగిలినది పెట్టెలో అన్నిటికంటె బరువైనది, అన్నిటికంటె మౌనియైనది – అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. వాల్వు వోల్టులు హెచ్చుగను ఆంపియర్లు తక్కువగను ఇచ్చును. స్పీకరు దీనికి విపరీతముగ కోరును. ఈ ఇద్దఱి నడుమ దుబాసి ఈ ఇనుపముద్ద. జంట ఇ.ఎల్.84లు 8000 ఓముల భారమును కోరుచున్నవి, స్పీకరు 8 ఓములది యనుకొనుడు. నిష్పత్తి 1000, దాని వర్గమూలము 31.6. అనగా స్పీకరువైపు ఒక చుట్టునకు వాల్వువైపు ఇంచుమించు 32 చుట్లు. 8 ఓముల కొసకు నేటి 4 ఓముల స్పీకరు తగిలించినచో వాల్వులకు 8000 బదులు 4000 ఓములే కనబడును, అవి అలసిపోవును.

చుట్ల సంఖ్య సరిపోయినంతమాత్రమున పని ముగియలేదు. మంద్రస్వరములకు ఇనుము హెచ్చు కావలెను, చుట్లు హెచ్చు కావలెను. తారస్వరములకు రెండు చుట్టలును ఒకదానినొకటి కౌగిలించుకొనునట్లు పొర విడిచి పొరగా అల్లవలెను. విలియమ్‌సన్ తన వ్యాసమున ప్రైమరీకి, అనగా వాల్వువైపు చుట్టకు, కనీసము 100 హెన్రీల ఇండక్టెన్సు ఉండవలెనని శాసించుట ఇందులకే. అతడు ట్రాన్స్‌ఫార్మరును కూడ ఫీడ్‌బ్యాక్ వలయములో చేర్చెను. అందుచేత అక్కడ నాసిరకపు ట్రాన్స్‌ఫార్మరు పెట్టినచో పాట పాడుటకు బదులు యంత్రము తనంత తాను దుగదుగమని మోటారుపడవవలె కొట్టుకొనును, లేదా చెవికి అందని కీచుతో వాల్వులను కాల్చుకొనును. దిద్దవలసిన సూత్రమే దోషమును పెంచునదగును; బ్లాక్ పడవమీది ఫీడ్‌బ్యాక్ మన మైకుసెట్టువారి ఫీడ్‌బ్యాక్‌గా మాఱును.

ఈ ఒక్క భాగము విషయమున కొత్తదనము దేనికిని హామీ కాదు. నేటి సిలికాను ఉక్కు రేకులు మంచివే, తీగమీది ఎనామెలు పూత నాటికంటె దృఢమే. కాని తూకము తగ్గించి, పొరలు కుదించి చుట్టిన కొత్త ట్రాన్స్‌ఫార్మరు, అరువదియేండ్లనాటి మంచిదానిముందు తల వంచును. పెట్టెను బాగుచేయువాడు పాత ట్రాన్స్‌ఫార్మరు చెడకున్నచో దానిని ప్రాణమువలె కాపాడుకొనవలెను.

హారను మాయ

“ఇంతయు చేసినను తాతనాటి పాట రాలేదు” అని నిట్టూర్చువారు కలరు. వారి నిరాశకు కారణము యాంప్లిఫైరులో వెదకుట వ్యర్థము. మంచి హారను ఒక వాటు శక్తికి 105 డెసిబెల్లుల ధ్వనినిచ్చినచోట, నేటి చిన్న డబ్బా స్పీకరు 85 మాత్రమే యిచ్చును. ఇరువది డెసిబెల్లులనగా నూఱు రెట్లు. తాతగారి పది వాట్లు వేపకొమ్మమీద చేసిన పనిని గదిలోని డబ్బా చేయవలెనన్న వేయి వాట్లు కావలెను. పైగా రాత్రివేళ నేల చల్లబడి, క్రింది గాలి పైగాలికంటె చల్లనైనప్పుడు ధ్వని ఆకసమునకు ఎగయక నేలవైపు వంగును. అడ్డులేని మెట్టచేలమీదుగా అది కోసులు ప్రయాణించును. జాతరనాటి మాధుర్యములో కొంత వాల్వుదే గాని, చాలభాగము హారనుది, రాత్రిది, దూరముది, ఎదురుచూచిన చెవిది.

అదే హారను మఱొక రహస్యమును కూడ దాచినది. అది సెకనుకు సుమారు 300 కంపనములకు దిగువనున్న ధ్వనిని దాదాపు విడిచిపెట్టును. డప్పులోని గంభీరనాదము, తంబూర మంద్రశ్రుతి దానినుండి రావు. అందుచేత మైకుసెట్టుకై కట్టిన యాంప్లిఫైరులో పెద్ద ట్రాన్స్‌ఫార్మరు వేయ నక్కఱ లేకపోయెను. అట్టి పెట్టెకు నేడు విశాలమైన స్పీకరు తగిలించి సంగీతము వినబూనిన, లోపము భాగములదికాదు, ఉద్దేశ్యముదే. విలియమ్‌సన్, మల్లార్డు పటములు గది సంగీతమునకు పుట్టినవి. మైకుసెట్టు పెట్టె గుట్టమీది కేకకు పుట్టినది. ఎడ్లబండిని, జోడుగుఱ్ఱముల బగ్గీని ఒక్క పందెములో నిలుపరాదు.

వాల్వు ధ్వని తీయదనమునకు రెండవ హార్మోనికు కారణమని తఱచు చెప్పుదురు. ఒకే వాల్వుతో ముగియు పాత రేడియోల విషయమున ఇది కొంత నిజము. స్వరమునకు పైస్థాయి షడ్జము తోడైనట్లు ఆ వక్రత చెవికి హితముగనే తోచును. కాని వాల్వులను ఎదురెదురుగ జంటకట్టిన యంత్రములలో సరిసంఖ్య హార్మోనికులు పరస్పరము రద్దగును. అక్కడ ఈ వాదము చెల్లదు. సరిగా కట్టిన విలియమ్‌సన్ యంత్రపు గుణము తీయదనము చేర్చుట కాదు, ఏమియు చేర్చకుండుటయే. ఆ గుణములో నేడు కొన్ని వందల రూపాయల చిప్పు యాంప్లిఫైరు కొలతబద్దపై దానిని దాటిపోవును, వేడి పుట్టింపదు, ఉక్కు మోయదు. దానితో పోటీకై వాల్వు కట్టువాడు ఓడును. కన్నులకు కనబడు పనిని చేతులతో చేసి, నీరటికాడు తూము ఎత్తుటను కొలిచి తెలిసికొనవలెనను కోరికతో కట్టువాడు, 1947 నాటి లెక్క నేటి సరకుతో ఎంత చక్కగా నిలుచునో చూచి సంతోషించును. కండెన్సరు, రెసిస్టెన్సుల వరకు ఆ యంత్రము నాటికంటె మెఱుగే.

ట్రాన్స్‌ఫార్మరు చుట్టించుటకు దూరము పోవలెనా? బోరుబావుల మెట్టసీమలో మోటారు కాలని వేసవి లేదు. కనుక నల్లగొండలోను, పాలమూరులోను మోటారు వైండింగు దుకాణము లేని బజారు లేదు. ఆ దుకాణములోనివానికి పొర విడిచి పొర అల్లు విద్య క్రొత్తగా నేర్పవలసియుండును గాని, అసలు విద్య అతనికి మనకన్న బాగుగ తెలియును. కాలిన మోటారు తెచ్చినప్పుడు అతడు వెంటనే క్రొత్త తీగ తీయడు. మొదట కాలిన కాయిలు నొకదానిని చెదరకుండ విప్పి, మసిపట్టిన చుట్లను ఒక్కొక్కటిగ లెక్కించి, తీగ మందము గేజితో చూచి, ఆ అంకెలను చిత్తుకాగితముమీద వ్రాసికొనును. తొందరపెట్టినవానికి తలయెత్తకయే సమాధానము చెప్పును: “సుట్లు లెక్కవెట్టకుంట పాత తీగె పారేస్తె, కొత్త తీగెకు దారెట్ల దొరుకుతది సారూ?” అటుపిమ్మట కాలిన రాగి తూకమునకు పోవును, చిత్తుకాగితము మాత్రము గోడమేకుకు గ్రుచ్చబడి, మిలమిలలాడు క్రొత్త తీగ చుట్టుకొనుచున్నంతసేపు అతని కన్నులయెదుట నుండును.